మూడో హాల్లో చిరుత

మా ఆయన రాజబాబు ముప్పై ఎనిమిదేళ్లు జంతువులకి గొంతిచ్చాడు. నవ్వకండి. నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. సినిమాలో విలన్ ఇంటి ముందు కుక్క మొరిగిందంటే అది మా ఆయన. గుర్రం సకిలించిందంటే మా ఆయన. శ్మశానంలో నక్క ఊళ, పెళ్లిపందిరి పక్కన ఆవు అంబా, ఆఖరికి గంప కింద కోడిపిల్లల కిచకిచ, అన్నీ ఆయనే. అంత చేసినా ఏ సినిమాలోనూ తెరమీద ఆయన పేరు పడలేదు. సెట్టులో టీలు అందించినవాళ్ల పేర్లు పడేవి, ఈయనది మాత్రం పడేది కాదు. "ఏవండీ, మీరైనా నోరు తెరిచి అడగొచ్చుగా" అంటే, "కుక్కకి పేరెందుకే కృపా, మొరగడం దాని పని" అని నవ్వేసేవాడు. నాకింకా మండేది.

మాది నిడదవోలు దగ్గర. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఈ పని సంగతి పుట్టింట్లో చెప్పుకోలేక చచ్చేదాన్ని. "అల్లుడుగారు సినిమాల్లో ఏం చేస్తారమ్మా?" అని పాస్టరమ్మగారు అడిగితే "సౌండు డిపార్టుమెంటండీ" అని తప్పించుకున్నాను. పోనుపోను అలవాటైపోయింది. మోతీనగర్‌లో మా అద్దె వాటాలో ఆయన పొద్దున్నే గొంతు సాధన చేస్తుంటే, పక్కవాటా నీలమ్మ గోడమీంచి తొంగిచూసి "ఇవాళ ఏంటొదినా, ఎద్దా, పందా?" అని అడిగేది. నేను అట్టు తిరగేస్తూ "పంది" అనేదాన్ని.

ఆయన చేసినవాటన్నిట్లో గొప్పది చిరుత. ఇరవై ఏళ్ల కిందట ఏదో అడవి సినిమాకి చిరుత అరుపు కావాల్సొచ్చింది. నాలుగు రోజులపాటు ఈయన ఏం చేసినా డైరెక్టరు "మేకలా ఉందయ్యా" అన్నాడట. అయిదోరోజు పొద్దున్న నేను పెరుగు తోడేసే కుండ కోసం ఇల్లంతా వెతుక్కుంటున్నాను. ఈయనేమో ఆ కుండ చంకలో పెట్టుకుని స్టూడియోకి పోయాడు. మూతి కుండలో పెట్టి, గాలి బయటికి వదలకుండా లోపలికి పీలుస్తూ అరిచాడట. అలా చేస్తే అరుపు పొట్టలోంచి వస్తుందట, గొంతు మాత్రం చీరుకుపోతుందట. ఆఖర్లో కుండ జారి, దాని అంచు ముందు పన్నుకి తగిలింది. టక్. పన్ను పెచ్చు లేచిపోయింది. రికార్డు చేస్తున్న ఇంజనీరు కాశీవిశ్వనాథం గారు "ఆ టక్కు కోసేద్దాం" అంటే, డైరెక్టరు "ముట్టుకోకండి, భయమంతా అక్కడే ఉంది" అన్నాడట.

ఇంటికొచ్చి, వాచిన పెదవితో నవ్వుతూ "కుదిరిందే" అన్నాడు. నేను ముందు కుండ గురించి తిట్టాను. పన్ను సంగతి తర్వాత అడిగాను. అది మొదలు ఎవరి సినిమాలో చిరుత కావాలన్నా ఆ అరుపే తెచ్చి వేసుకునేవాళ్లు.

ఆ తర్వాత కంప్యూటర్లలో అన్ని అరుపులూ దొరకడం మొదలైంది, పిలుపులు తగ్గాయి. ఆ దిగులు పడుతుండగానే గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాను. మిరియాల కషాయం, ఉప్పునీళ్ల పుక్కిలింత, వాము ఆవిరి, అన్నీ నా వైద్యమే. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఎనిమిది నెలలు అలా గడిపాం. ఆసుపత్రికి వెళ్లేసరికి మాట గుసగుసగా మిగిలింది. క్యాన్సరట, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. సిగరెట్లు తాగాడు, కాదనను. "ఆ కుండలో అరుపులవల్ల కూడా అయ్యుంటుందాండీ?" అని డాక్టరుగారిని అడిగితే ఆయన నాకేసి వింతగా చూశాడు. ఆపరేషను చేసి మెడ కింద రూపాయి బిళ్లంత కన్నం పెట్టారు. ఊపిరి అందులోంచే ఆడుతుంది. దానిమీద పల్చటి గుడ్డ కట్టుకోవాలి. "ముందే ఆయన మాటలు ఫోన్లో రికార్డు చేసుకోవాల్సిందమ్మా" అని చర్చిలో ఒకావిడ సలహా చెప్పింది. ఏం రికార్డు చేసుకోను తల్లీ, గుసగుసా? అని మొహానే అడిగేశాను.

రెండేళ్లు ఆయన గడప దాటలేదు. ఒక పలక, బలపం కొనిచ్చాను. "నీళ్లు", "చాలు", "ఫ్యాను". ఇంతకుమించి ఆ పలకమీద ఏమీ రాసేవాడు కాదు. చర్చికి రావడం కూడా మానేశాడు. అందరూ పాడుతుంటే తనొక్కడే పుస్తకం పట్టుకుని నిలబడలేనని నాకు తెలిసేలా తల తిప్పుకున్నాడొక ఆదివారం. దేవుడిమీద కోపం వచ్చింది నాకు. ఆయనకి రాలేదు. వచ్చినా బావుండేది.

అలాంటి రోజుల్లో యూనియన్ ఆఫీసువాళ్లు పాత మెంబర్లకి రెండేసి పాసులు పంపారు. జూబ్లీహిల్స్‌లో కొత్తగా "వనసీమ" అని మ్యూజియం పెట్టారట. అడవులూ చెరువులూ అన్నీ ఏసీ హాళ్లలోనే కట్టారట, జంతువులు బొమ్మలట. "నువ్వెళ్లు" అని రాశాడు. "నేనొక్కదాన్నే వెళ్లి తాబేళ్లతో కబుర్లు చెప్పనా? లేవండి" అని చొక్కా తెచ్చి ఒళ్లో పడేశాను. యూసుఫ్‌గూడ దాటి, ఫిల్మ్‌నగర్ మీదుగా ఆటో గుట్ట ఎక్కుతుంటే, ఆయన పనిచేసిన స్టూడియో గేటు వచ్చింది. ఆయన అటు చూడలేదు. నేనూ చూపించలేదు.

మొదటి హాలు మడ అడవి. ఫైబరుతో చేసిన వేళ్లు, రంగేసిన బురద, అందులో ఒక నీటిపిల్లి. గోదావరి పక్కన పుట్టినదాన్ని, బురదకి బురద వాసన లేకపోతే నాకేం నచ్చుతుంది? రెండోది కొల్లేరు. గూడబాతులు, కొంగలు, నీళ్ల బదులు అద్దం. కొల్లేట్లో ఇంత చలేస్తుందని నాకు తెలీదు, కొంగు కప్పుకున్నాను. ఈయన మాత్రం అక్కడ కదలకుండా నిలబడి, వేళ్లమీద ఏదో లెక్కపెట్టి, సంచిలోంచి పలక తీసి రాశాడు: "నలభై సెకన్లు. మళ్లీ మొదటికి." పక్షుల కూతలు అంతే ఉన్నాయట, తిప్పి తిప్పి అవే వేస్తున్నారట. రెండేళ్లలో ఆయన అవసరం లేని సంగతి రాయడం అదే మొదలు. నేను ఆ పలక చెరపనివ్వలేదు.

మూడో హాలు నల్లమల. పెద్ద బండలు, వెదురు పొదలు, ఎండుటాకులు. బండమీద చిరుత బొమ్మ. గుమ్మం దగ్గర ఓదెలు అనే సెక్యూరిటీ ఆయన "లోపల చీకటుంటది, జర పైలం" అన్నాడు. లోపల సాయిసుధ అనే గైడు పిల్ల, స్కూలు పిల్లలకి చెబుతోంది. దీపాలు తగ్గాయి. ఆకులు గలగలమన్నాయి. అప్పుడు అరిచింది చిరుత.

అరుపు చివర, టక్.

ఓరి నా తండ్రీ! నా పెరుగు కుండ. ఆయన ముందు పన్ను. చీకట్లో ఆయన చెయ్యి కోసం తడుముకుంటే, ఆయన రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుని ఉన్నాడు. దీపాలొచ్చాక సాయిసుధ పిల్లలతో అంటోంది: "చివర్లో టక్ మని వినిపించిందా? అది చిరుత దవడలు మూసుకున్న చప్పుడు. ఇది నా ఇలాకా, ఎవరూ రావద్దని మిగతా చిరుతలకి అలా చెబుతుందన్నమాట."

మా ఆయన భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని హడలిపోయాను. కాదు, నవ్వుతున్నాడు. కళ్లనీళ్లు కారేలా, గుడ్డ కింద ఊపిరి బుసకొట్టేలా నవ్వుతున్నాడు. నావైపు తిరిగి, పై పెదవి ఎత్తి పెచ్చు లేచిన పన్ను చూపించాడు. ఇక నేను ఆగలేదు, ఆ పిల్లలందరి ముందూ బావురుమన్నాను. వాళ్ల టీచరు "చిరుత బొమ్మేనండీ, భయపడకండి" అని నన్ను ఓదార్చింది.

మంగళవారం పొద్దున అరవై దాటినవాళ్లకి అక్కడ టిక్కెట్టు లేదు. అది తెలిశాక ఆయన ఒక్క మంగళవారం తప్పలేదు. తొమ్మిదింటికల్లా గెడ్డం గీసుకుని తయారు. ఓదెలు ఆయన కోసం హాలు మూలన కుర్చీ వేసేవాడు. "సారు వచ్చిండంటే గా చిరుతకు గూడ హుషారే" అనేవాడు, సంగతేమీ తెలియకుండానే. మధ్యాహ్నం ఇంటికొచ్చి నాకు పలకమీద లెక్క చెప్పేవాడు: "ఇవాళ ఇద్దరు ఏడ్చారు. ఒకడు వాళ్లమ్మ చంకెక్కాడు." ఇంకొంచెం అన్నం పెట్టించుకునేవాడు. నీలమ్మ కూడా "అన్నయ్యగారు తేరుకున్నారొదినా" అంది. ఇంట్లో మళ్లీ మనిషి తిరుగుతున్నట్టుండేది నాకు.

సినిమాల్లో ఉంది కదా ఆ అరుపు అంటారేమో. అక్కడ చిరుత నోరు తెరవగానే డప్పులూ బాకాలూ మీదపడతాయి, ఏం వినపడుతుంది? స్టూడియోలో పాత టేపులు ఎప్పుడో పారబోశారు. మా ఆయన గొంతు వేరే చప్పుడు కలవకుండా మిగిలింది ఈ లోకంలో ఆ మూడో హాల్లోనే.

ఉన్నదాంతో ఊరుకుంటే నేను కృపమ్మనెందుకవుతాను? ఆ హాలు గోడకి ఒక బోర్డుంది. బండలు చేసినవాళ్ల పేరు, వెదుళ్లకి రంగేసినవాళ్ల పేరు, లైట్లు పెట్టినవాళ్ల పేరు. శబ్దం అన్నచోట ఎవరో కంపెనీ పేరు. ఇక్కడ కూడానా? "మీ పేరు రాయమని అడుగుదాం" అన్నాను. "వద్దు" అని రాశాడు. ఎందుకొద్దని నిలదీశాను. "వినపడుతోంది. చాలు" అని రాశాడు. ఈయన ఎప్పుడూ ఇంతే, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని లోకమంతా ఈయన్ని మొత్తింది, ఈసారి నేను ఊరుకోను అనుకున్నాను.

బుధవారం లైనింగు గుడ్డ కొనాలని చెప్పి ఫిల్మ్‌నగర్‌లో కాశీవిశ్వనాథం గారింటికి వెళ్లాను. ఆయనకి ఎనభై దగ్గరపడింది, చెవులకి మిషను. "రాజబాబు భార్యవా? రా అమ్మా, రా" అని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. సంగతి చెబితే పొంగిపోయారు. చిరుతకి తనే సాక్షినని కాగితం రాసిస్తానన్నారు. రాయబోయి ఆగి, "రాజబాబుకి చెప్పే వచ్చావా?" అన్నారు.

"ఆయనే పంపారండీ" అన్నాను. యాభై ఏళ్లు బైబిలు చదివిన నోటితో.

ఆయన అన్నీ రాశారు: ఏ నెల, ఏ రికార్డింగు థియేటరు, కుండ, పన్ను, ఆ టక్కు. కింద సంతకం, తేదీ. ఆ కాగితం జాకెట్టులో పెట్టుకుని, అక్కణ్నుంచే నేరుగా మ్యూజియానికి పోయాను. అక్కడ పెద్ద నిహారిక మేడమ్. మేడమంటే మేడమ్ కాదు, మాకో అమ్మాయి ఉంటే ఆ వయసుండేది. అడవుల్లో తిరిగి చదువుకొచ్చిన పిల్లట. కాగితం చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా కూర్చుంది. సాయిసుధని పిలిచింది. మళ్లీ చదివింది.

"ఆంటీ, అంటే ఇది మనిషి గొంతా? కచ్చితంగా?"

"మనిషే" అన్నాను. "మా మనిషే."

"ఆ టక్ కూడా?"

"ఆ పన్ను ఇప్పటికీ చూపిస్తాడమ్మా."

లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేదే కాదు ఆంటీ. చాలా థాంక్స్" అంది. బోర్డు పెడతారా అని అడిగాను. "తప్పకుండా పెడతాం. ఆ హాల్లో కాస్త పనుంది, మూడు వారాలు మూసేస్తాం. అవగానే నేనే ఫోన్ చేస్తా" అంది. మెట్లు దిగుతుంటే నా కాళ్లు నేలమీద లేవు. ఎందుకు మూస్తున్నారు, ఏం పని అని నేను అడగలేదు. బోర్డుకి మేకులు కొట్టడానికి మూడు వారాలు పడుతుందా అని కూడా తోచలేదు నా మట్టిబుర్రకి.

ఆ మూడు మంగళవారాలు ఆయన ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. హాలుకి రిపేరట అన్నాను. ఆయనకి తెలీకుండా బూడిదరంగు చొక్కా కుట్టాను. మిషను మీద కూర్చుని ఆ బోర్డులో అక్షరాలు ఊహించుకునేదాన్ని. చిరుత గొంతు: శ్రీ రాజబాబు. "శ్రీ" పెడతారో లేదో అని ఒక పూట బెంగపెట్టుకున్నాను కూడా.

సోమవారం సాయంత్రం ఫోనొచ్చింది. "బోర్డు పెట్టేశాం ఆంటీ, రేపు అంకుల్‌ని కూడా తీసుకురండి."

మంగళవారం కొత్త చొక్కా చూసి ఆయన కనుబొమలెగరేశాడు. "పదండి, చెబుతా" అన్నాను. గుమ్మం దగ్గర ఓదెలు మమ్మల్ని చూసి లేచి అడ్డమొచ్చినట్టు నిలబడ్డాడు. "అమ్మా, గిటు రా జర. సారును లోపల్కి తీస్కపోకు. నా మాటిను" అన్నాడు మెల్లగా. "నీకేం తెలుసయ్యా, తప్పుకో" అని కసిరి, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను.

దీపాలు తగ్గాయి. ఆకులు గలగలమన్నాయి. ఆ తర్వాత రంపంతో ఎవరో దుంగ కోస్తున్న చప్పుడు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, పొడిగా. అయిపోయింది. దీపాలొచ్చాయి. ఒక్క పిల్లా ఏడవలేదు. ఒకడు "వడ్రంగి పని జరుగుతోందా మిస్?" అన్నాడు. సాయిసుధ నన్ను చూసి నవ్వి, "ఇదే చిరుత అసలు గొంతు పిల్లలూ, నిజం అడవిలో రికార్డు చేసింది. రంపం కోత లాగే ఉంటుంది" అంది.

బోర్డు నిజంగానే పెట్టారు. నల్లరాతి మీద తెల్లక్షరాలు. నేను చదివేలోపు ఆయన చదివేశాడు.

"ఈ హాలులో ఇదివరకు వినిపించిన శబ్దం చిరుతది కాదు. సినిమా కోసం మనిషి చేసిన అనుకరణ. ఆధారాలతో ఈ పొరపాటును మా దృష్టికి తెచ్చిన శ్రీమతి కృపమ్మ గారికి కృతజ్ఞతలు."

శ్రీమతి అని పెట్టారు. నా పేరు పెట్టారు.

నిహారిక పరుగులాంటి నడకతో వచ్చింది. ఆ పిల్ల తప్పేం లేదు, నేను ఇవాళ్టికీ ఆ పిల్లని తిట్టలేదు. "మ్యూజియమన్నాక నిజమే ఉండాలి కదా అంకుల్. ఆంటీ వల్ల మా పరువు దక్కింది" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "పాతది మాకిచ్చెయ్యమ్మా. ఎందులో ఉంది? ఎంతైనా సరే" అన్నాను. ఆ పిల్ల మొహం మారింది. అక్కడే నిలబడి ఆ సౌండు కంపెనీకి ఫోన్ చేసింది. కొత్తది అదే కార్డుమీద ఎక్కించేశారట, పాతది ఎక్కడా ఉంచలేదట. వాళ్లు ఎవరిదగ్గర కొన్నారో వాళ్లు దుకాణం కట్టేసి ఏళ్లయిందట. "సారీ ఆంటీ, నాకు తోచలేదు" అంది. నాకు మాత్రం తోచిందా?

ఆయన సంచిలోంచి పలక తీశాడు. "నువ్వా?"

"నేనే" అన్నాను. "మీ పేరు రాస్తారనుకున్నానండీ."

అరచేత్తో ఆ అక్షరాలు తుడిచేశాడు. మూలన కుర్చీలో కూర్చుని ఆ రంపం చప్పుడు ఇంకో మూడుసార్లు విన్నాడు. కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి, స్టూడియోలో ఎదుటివాడి పని వినేటప్పుడు ఎలా వినేవాడో అలాగే. తర్వాత రాసి నాకు చూపించాడు: "ఇదే కరెక్టు. నాది తప్పు." లేచి బయటికి నడిచాడు.

ఆటోలో నా పక్కన కూర్చుని రోడ్డుకేసి చూస్తున్నాడు. కృష్ణానగర్ దాటేదాకా ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు. "ఏవండీ, నన్ను తిట్టండి. పాపిష్టిదాన్ని, మీ గొంతు రెండోసారి నేనే కోశాను. ఒక్క మాట తిట్టండి, మీకు దణ్ణం పెడతాను" అని ఆయన చొక్కా పట్టుకుని ఊపేశాను. ఆయన నావైపు తిరిగాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, చాలాసేపే కదిలాయి. మెడ దగ్గర గుడ్డ లేచి పడింది.

ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏమంటుండమ్మా సారు? ఆపాల్నా?" అన్నాడు.

"ఏమీ అనడం లేదు నాయనా. పోనియ్యి" అన్నాను.